ఆడపిల్లల సంతకాల కోసం వచ్చే అన్నదమ్ములకు ఒక బహిరంగ లేఖ

అన్నయ్యలకు, తమ్ముళ్లకు,

నేను దస్తావేజులు రాసి బతికే మనిషిని. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వరసగా ఉండే రేకుల షాపుల్లో ఒకటి నాది. అమ్మకమైనా, తాకట్టయినా, దానమైనా, వీలునామా అయినా మీరు ముందు మాలాంటి వాళ్ల దగ్గరికే వస్తారు. మీ ఆస్తి ఎంతో, అప్పు ఎంతో, అన్నదమ్ములకు మాటలున్నాయో లేవో మాకు తెలిసినంతగా మీ వియ్యంకుడికి కూడా తెలియదు. తెలిసినవన్నీ రాయను, భయపడకండి. ఈ ఉత్తరం ఒక్క కాగితం గురించే. మీరు రిలీజ్ డీడ్ అంటారు. మేం హక్కు విడుదల దస్తావేజు అని రాస్తాం. ఆస్తిలో నా వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం అది. ఊళ్లో మాత్రం దానికి ‘ఆడపిల్లల సంతకాలు’ అనే పేరు స్థిరపడిపోయింది.

సాధారణంగా ఇది ఫోన్లో మొదలవుతుంది. “మేడమ్, నాన్న పోయారు కదా. ఆడపిల్లలు ఇక్కడే ఉన్నారు. పెద్దకర్మ అవగానే ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మళ్లీ మళ్లీ పిలవడం కష్టం. ఈలోగానే సంతకాలు పెట్టించేద్దాం, స్లాట్ దొరుకుతుందా?” ఇంట్లో దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. తండ్రి ఫొటోకు వేసిన దండ వాడి ఉండదు. అప్పటికే సర్వే నంబర్లు నా వాట్సాప్‌కు వచ్చేస్తాయి.

లేదంటే ఏళ్లు గడిచాక వస్తారు. పొలం పక్కన రోడ్డు పడుతుంది, లేఅవుట్ వాళ్లు బేరానికి వస్తారు. కొనేవాడి లాయరు కాగితాలు చూసి “ఆడపిల్లల సంతకాలు లేవే” అంటాడు. బ్యాంకు లోనుకు వెళ్లినా అదే మాట. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో చెల్లెలి పేరు రాయించకుండా పాసుపుస్తకం మార్పించుకున్న పెద్దమనుషులకు ఆ రోజు చెల్లెలు గుర్తొస్తుంది. వెంటనే పళ్లు, పూలు తీసుకుని బయల్దేరతారు.

ఆ రోజు ఏం జరుగుతుందో మీరు అటువైపు నుంచి చూసి ఉంటారు. ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. మనుషులు గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

కారు ఆగింది. అన్న, వదిన, ఇద్దరు సాక్షులు, ఆ వెనక చెల్లెలు దిగారు. యాభై దాటి ఉంటాయి ఆవిడకు. ఆవిడ ఆధార్ కార్డు, పాన్ కార్డు అన్న చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. రాసింది చదివి వినిపించడం మా పద్ధతి కాబట్టి చదువుతున్నాను. ఫలానా సర్వే నంబరులో ఎకరం ఎనభై సెంట్లు, తూర్పు ఫలానా వారి భూమి, దక్షిణం పంట కాలువ అని షెడ్యూలు దాకా వచ్చేసరికి ఆవిడ ఆపింది.

“అది ఏ చేనన్నయ్యా? చింతచెట్టు చేనా, బావి కాడదా?”

“చింతచెట్టుదే.”

“ఆ చెట్టుందా ఇంకా?”

“కొట్టించేశాం. నీడకి పంట రావట్లేదు.”

“అవునా,” అంది. తర్వాత ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు ఎకరం ఎంత పలుకుతోందని అడగలేదు. ఇది కాక ఇంకేమున్నాయని అడగలేదు. “ఎక్కడ పెట్టాలమ్మా?” అని నన్నే అడిగింది. లోపల సబ్ రిజిస్ట్రార్ గారు “ఇష్టపూర్వకంగానే రాసిస్తున్నారా?” అన్నారు. ఆవిడ ఒకసారి అన్న వైపు చూసి తలూపింది. ఫొటో తీశారు, వేలిముద్ర వేయించుకున్నారు. బయటికి వచ్చాక వదిన బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టింది. అంచు బాగుందని ఆవిడ ఆ చీర విప్పి నాకు కూడా చూపించింది.

“నా స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా” అనే వాక్యం ప్రతి హక్కు విడుదల దస్తావేజులో ఉంటుంది. దాన్ని టైపు చేసేది నేనే. ఆవిడ విషయంలో అది అబద్ధమని మీరు రుజువు చేయలేరు, నేనూ చేయలేను. ఎవరూ చెయ్యి మెలిపెట్టలేదు. కేక వేయలేదు. అసలు అడగాల్సిన అవసరమే రాలేదు. సంతకం పెట్టనంటే ఏమవుతుందో ఆడపిల్లలందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. సంక్రాంతికి పిలుపు రాదు. కూతురి పెళ్లిలో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావడానికి మేనమామ ఉండడు. “పొలం కోసం అన్న మీద కేసేసింది” అని అత్తవారి ఊరి దాకా మాట పాకుతుంది. చివరికి తను పోయినప్పుడు ఒంటి మీద కప్పాల్సిన పుట్టింటి చీర వస్తుందో రాదో కూడా తెలియదు. ఇవన్నీ ఒక తక్కెట్లో వేసి, ఇంకో తక్కెట్లో ఎకరం ఎనభై సెంట్లు పెడితే ఆవిడ ఏది ఎంచుకుంటుందో మీకూ తెలుసు. తెలుసు కాబట్టే అంత ధీమాగా ముందే స్లాట్ బుక్ చేసుకుని వస్తారు.

నేను మీకు చెప్పదలచుకున్న మాట ఒక్కటే. కొడుకు వాటా అడక్కుండానే వస్తుంది. కూతురు మాత్రం అడిగి తీసుకోవాలి, అడిగిందంటే చెడ్డదైపోతుంది. తండ్రి పొలం మొత్తం తీసుకున్న కొడుకుని ఎవరూ ఆశపోతు అనరు. అందులో తన వంతు ఎంతని అడిగిన కూతురికే ఆ పేరు. అందుకని ఆవిణ్ణి అడగమని నేను చెప్పను. ముందుగా నోరు విప్పాల్సింది మీరే అంటున్నాను.

చట్టం సంగతి మీలో చాలామందికి సగమే తెలుసు. “కొత్తగా ఏదో చట్టం వచ్చిందట కదా మేడమ్, ఆడపిల్లలకి కూడా ఇమ్మని” అంటారు. కొత్తదేమీ కాదు. తండ్రి స్వార్జితం, అంటే ఆయన సంపాదించి కొన్న ఆస్తి, వీలునామా లేకుండా పోతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా రావాలని 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. తండ్రి తల్లి బతికుంటే ఆవిడకు కూడా. స్త్రీలకు ఆస్తి హక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లును పార్లమెంటులో నానబెట్టినందుకే అంబేడ్కర్ 1951లో నెహ్రూ మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. ఆ బిల్లునే తర్వాత ముక్కలు చేసి తెచ్చిన చట్టాల్లో ఇదొకటి.

పేచీ అంతా పిత్రార్జితం, అంటే తాతల నాటి నుంచి వస్తున్న ఆస్తి దగ్గర. 1956 చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండేది. ఒక లెక్క చెబుతాను. తాతల నాటి పొలం 12 ఎకరాలు. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి ముందే పోయిందనుకోండి. పాత లెక్కలో తండ్రి చనిపోతే, ముందు తండ్రికీ ఇద్దరు కొడుకులకీ తలా 4 ఎకరాలు పంచినట్టు కాగితం మీద అనుకునేవాళ్లు. ఆ తండ్రి నాలుగు ఎకరాల్లో మాత్రమే కూతురికి మూడో వంతు. అంటే ఆవిడకు ఎకరం 33 సెంట్లు, కొడుకులకు ఒక్కొక్కరికి 5 ఎకరాల 33 సెంట్లు. ఇప్పటి చట్టంలో అయితే ముగ్గురికీ తలా 4 ఎకరాలు. తల్లి ఉంటే తండ్రి భాగంలో ఆవిడకూ సమాన వాటా ఉంటుంది. చాలా ఇళ్లలో తల్లి చేత కూడా అదే రోజు సంతకం పెట్టించేస్తారు. ఆ సంగతి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

ఈ మార్పు మన దగ్గర దేశం కంటే ఇరవై ఏళ్లు ముందే వచ్చింది. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన వెనకాల వచ్చాయి. కాకపోతే అందులో ఒక మెలిక ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు హక్కు లేదు, చెల్లెలికి ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ మెలిక తీసేసింది. ఎప్పుడు పెళ్లయినా కూతురు కూతురే. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పారిఖత్తు (పంపకాల దస్తావేజు) ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పంపకాలు అయిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. “2005 నాటికి తండ్రి బతికుండాలా?” అని చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి, అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చిందని తేల్చేసింది. నోటి మాటగా ఎప్పుడో పంచుకున్నాం అంటే కూడా మామూలుగా ఒప్పుకోనంది.

ఇవి హిందూ కుటుంబాల సంగతులు. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 చట్టంలో కొడుకూ కూతురూ సమానమే. ముస్లింల లెక్కలు వేరు. ఆయా ఇళ్ల నుంచి కూడా నా దగ్గరికి సంతకాలకు వస్తూనే ఉంటారు. ఈ విషయంలో మతాలన్నీ ఒకే కారులో దిగుతాయి.

అంటే 1985లో పుట్టిన ఆడపిల్లకు ఇప్పుడు నలభై దాటాయి. పుట్టినప్పటి నుంచీ హక్కుతోనే ఉంది. చట్టం చెయ్యాల్సింది చేసేసింది. మిగిలింది నా షాపు ముందు బల్ల మీద జరిగేదే.

ఇక మీ వాదనలు. అన్నీ విన్నాను, కొన్నింటిలో నిజం ఉంది కూడా.

అన్నిటికంటే ఎక్కువగా వినేది “కట్నం ఇచ్చాం కదా మేడమ్” అని. కట్నం 1961 నుంచి నేరం. నా ముందు కూర్చుని మీరు ఆ మాట ఎంత మామూలుగా అంటారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పోనీ, ఇచ్చారు. ఎవరికి ఇచ్చారు? బావగారి చేతికి, మామగారి చేతికి. ఆ డబ్బుతో వాళ్లు ఇల్లు కట్టుకున్నారు, లేదా ఆడపడుచు పెళ్లి చేశారు. పెళ్లప్పుడు తీసుకున్నది ఏదైనా మూడు నెలల్లోగా అమ్మాయి పేరుకు మార్చాలని అదే కట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. అలా మార్చిన కాగితం రాయించుకోవడానికి నా దగ్గరికి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. మీరు చెల్లెలి పేరు మీద బావగారికి ఇచ్చి, దాన్ని చెల్లెలి వాటాలో కోసేస్తున్నారు. అన్నట్టు, మీ పెళ్లికి మీరు తీసుకున్నది నాన్న ఆస్తి లెక్కలో ఎక్కడ కలిపారో నేను అడగను.

“భూమి ముక్కలైపోతుంది” అంటారు. ఇద్దరు అన్నదమ్ములు 12 ఎకరాలు చెరి సగం చేసుకున్నప్పుడు ముక్క కాలేదా? మధ్యలో గట్టు వేయలేదా?

“రేపు ఆ పొలం బావ చేతిలోకి పోతుంది, మన ఇంటిపేరు దాటిపోతుంది.” ఇది అసలు భయం. దీనికి జవాబు చట్టంలోనే ఉంది, ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి ఉన్న స్త్రీ, వీలునామా రాయకుండా, పిల్లలు గానీ పోయిన పిల్లల సంతానం గానీ లేకుండా చనిపోతే ఆ ఆస్తి భర్త వైపు వెళ్లదు. తిరిగి ఆమె తండ్రి వారసులకే వస్తుంది, అంటే మీకే. పదిహేనో సెక్షన్ రెండో భాగం చూడండి. ఆవిడ పిల్లలకు వెళితే? మీ మేనల్లుడికి, మేనకోడలికి వెళుతుంది. మీ నాన్నగారికి వాళ్లూ మనవలే కదా. ఆవిణ్ణి మభ్యపెట్టి బావ అమ్మించేస్తే ఎలా అంటారా? అలాంటి బావలు ఉన్నారు. భార్యను పుట్టింటి మీదకు కేసుకు తోసే భర్తలను నేనూ చూశాను. అక్కడ చెల్లెలికి కావలసింది మీ తోడు. మొగుడు లాక్కుంటాడేమో అని అన్న ముందే లాగేసుకోవడం ఎక్కడి న్యాయం?

“అమ్మానాన్నల్ని చూసుకుంది మేమే.” ఈ మాటకు మాత్రం నేను తల వంచుతాను. మంచానపడిన తండ్రికి రాత్రిళ్లు ఒళ్లు తుడిచి, డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు తీసుకెళ్లి, ఆస్పత్రి బిల్లులకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన కొడుకులు ఉన్నారు. (ఒళ్లు తుడిచింది కోడళ్లే అయినా లెక్క కొడుకుల ఖాతాలోనే పడుతుంది, అది వేరే.) తల్లిదండ్రుల పోషణ బాధ్యత 2007 చట్టం ప్రకారం కొడుకుకు ఎంతో కూతురికీ అంతే. హక్కు అడిగే అక్కచెల్లెళ్లు ఈ మాట కూడా చెవిన వేసుకోవాలి. అయితే దానికి దారి ఉంది. ఆస్పత్రికి ఎంతయింది, అప్పు ఎంత, ఎవరు కట్టారు, ఒక కాగితం మీద రాయండి. అందరి వాటాలోంచీ సమానంగా తీసేయండి. లెక్క చూపిస్తే కాదనే ఆడపిల్లను నేను ఇంతవరకూ చూడలేదు. చూపించని లెక్క మీదే గొడవలు.

లెక్క చూపించిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఇద్దరు అన్నదమ్ములు, ఒక అక్క. తండ్రి పోయిన ఏడాదికి, సంవత్సరీకం అయ్యాక, ముగ్గురూ కలిసి వచ్చారు. తమ్ముడి దగ్గర బడిపిల్లల నోటు పుస్తకం ఒకటి ఉంది. అందులో ఎడమ పేజీలో పొలం సర్వే నంబర్లు, కుడి పేజీలో ఖర్చులు. ఐసీయూ, అంబులెన్సు, పదకొండో రోజు భోజనాలు, చివరికి పురోహితుడి సంభావన కూడా రాసి ఉంది. పారిఖత్తు రాయించుకున్నారు. అక్క వాటాకు కాలువ గట్టు పక్క 80 సెంట్లు వచ్చింది. ఎవరికి ఏ ముక్క అనే దగ్గర కాసేపు గొడవపడ్డారు, బోరు ఉన్న ముక్క కావాలని అక్క పట్టుబట్టింది, పెద్దాడు ముఖం మాడ్చుకున్నాడు, టీ తాగి వచ్చి సర్దుకున్నారు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆవిడ బొట్టు పెట్టించుకుని చీర తీసుకుని వెళ్లే మనిషిలా లేదు, బేరం ఆడుతోంది. నాకు అది ఎంత బాగా అనిపించిందో చెప్పలేను.

ఇప్పుడు ఆ 80 సెంట్లు తమ్ముడే కౌలుకు చేస్తున్నాడు. పంట రాగానే బస్తాలు ఆటోలో వేయించి అక్క ఇంటికి పంపుతాడు. ఓ ఏడు తుపానుకు చేను పడిపోతే “ఈసారి కౌలు వద్దులే” అని అక్కే అందట. ఆ మాట అనగలిగిందంటే వదులుకోవడానికి ఆవిడ పేరు మీద ఏదో ఉండబట్టే కదా. ఆధార్ అప్‌డేట్ పని మీద మొన్న ఇటు వచ్చినప్పుడు పాసుపుస్తకం తీసి చూపించింది. పట్టాదారుగా ఆవిడ ఫొటో ఉంది.

ఆ ఫొటోకు ఉన్న బలం మీకు తెలియంది కాదు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు భూమి ఎవరి పేరు మీద ఉంటే ఆ కుటుంబానికి. తెలంగాణలో రైతుబంధు మొదలైనా, రైతు చనిపోతే 5 లక్షలు వచ్చే రైతుబీమా మొదలైనా పట్టాదారు పేరు చూసే ఇచ్చారు. పంట రుణం కావాలంటే బ్యాంకు మొదట అడిగేది పాసుపుస్తకం. నాట్లు, కలుపు, కోతలు, పత్తి తీతలు, సగానికి పైగా పని ఆడవాళ్ల చేతుల మీదే నడుస్తుంది. ఆఫీసులో రైతు ఎవరంటే మాత్రం పుస్తకంలో ఫొటో ఉన్నవాడే. భర్త అప్పుల పాలై పురుగుల మందు తాగితే, పొలం మామగారి పేరు మీద ఉందని పరిహారం దగ్గర తిరగ్గొట్టించుకున్న ఆడవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పుట్టింట్లో పేరు లేదు. అత్తింట్లోనూ పేరు లేదు.

ఇంకో సంగతి కూడా వినండి. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో బీనా అగర్వాల్, ప్రదీప్ పండా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆడవాళ్ల ఆస్తికీ, ఇంట్లో పడే దెబ్బలకీ ఉన్న సంబంధం లెక్క కట్టారు. భూమీ ఇల్లూ రెండూ తమ పేరు మీద లేని పెళ్లయిన ఆడవాళ్లలో 49 శాతం మంది దీర్ఘకాలంగా భర్త చేతి దెబ్బలు తిన్నవాళ్లే. రెండూ ఉన్నవాళ్లలో అది 7 శాతం. చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వస్తే బావ మీద కర్ర పట్టుకుని వెళ్లే అన్నలు మీలో ఉన్నారు, నాకు తెలుసు. ఆ కర్ర కంటే ఎకరం పొలం ఎక్కువ కాపలా కాస్తుందని ఆ లెక్క చెబుతోంది. కావాలంటే ఇది వదినగారితో కూడా మాట్లాడి చూడండి. ఆవిడ కూడా ఎక్కడో ఇలాగే సంతకం పెట్టి వచ్చి ఉంటుంది. తన పుట్టింట్లో పోయింది కాబట్టి ఇక్కడ ఆడపడుచుకు ఇవ్వొద్దని ఆవిడే గట్టిగా పట్టుబట్టడం నేను చూశాను. ఆవిడ మీద కోపం రాలేదు. ఏ ఇంట్లోనూ పేరు లేని మనిషి ఉన్నదాన్ని గట్టిగానే పట్టుకుంటుంది.

ఇష్టంగా ఇచ్చే అక్కచెల్లెళ్లు ఉండరా అంటే ఉంటారు. తను అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, ఊళ్లో చితికిపోయిన తమ్ముడికి రాసిచ్చిన అక్క కాగితం నేనే రాశాను. ఆవిడ ముందు తన వాటా ఎంతో, ఎంత విలువ చేస్తుందో కనుక్కుని, ఆలోచించుకోవడానికి నెల రోజులు తీసుకుని, ఇది ఇస్తున్నాను, ఇల్లు మాత్రం అమ్మకూడదు అని షరతు పెట్టి ఇచ్చింది. ఇవ్వడం అంటే అదీ. తన దగ్గర ఏముందో తెలియకుండా వదులుకున్నదాన్ని ఇచ్చింది అనడానికి నాకు నోరు రాదు.

తండ్రులు కూడా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. స్వార్జితం మీ ఇష్టం, వీలునామా ఎవరికైనా రాసుకోవచ్చు. ఈ మధ్య ఆ దారిలోనే కూతుళ్ల పేర్లు తీసేయించుకోవడానికి చాలామంది వస్తున్నారు. “నా తర్వాత గొడవలు ఉండకూడదమ్మా” అంటారు. గొడవ ఉండకూడదంటే బతికుండగానే ముగ్గురినీ కూర్చోబెట్టి పంచండి. మీ ముందు అయితే చెల్లెలు కూడా ధైర్యంగా నోరు విప్పుతుంది, అన్న కూడా సిగ్గుపడి తగ్గుతాడు. మీరు పోయాక తెరిచే కవర్లో తన పేరు లేదని తెలుసుకున్న కూతురికి ఆ బాధ డబ్బు గురించి కాదు. మీ ఫొటో ముందు ఏడుస్తూ “నాన్న కూడానా” అంటుంది. ఆ మాట ఈ షాపులోనే విన్నాను.

నా సంగతి ఏమిటని అడుగుతారేమో. అడగకండి. మా తమ్ముడు కూడా ఇది చదువుతాడు.

సరే, మీ నుంచి నేను కోరేది పెద్ద విప్లవం కాదు. దినవారాల ఇంట్లో ఆస్తి మాట ఎత్తకండి, ఏడాది ఆగినా పొలం ఎక్కడికీ పోదు. మాట ఎత్తేటప్పుడు మీరే ఎత్తండి: “చెల్లెమ్మా, నాన్నది మొత్తం ఇంత ఉంది, ఇందులో నీ వాటా ఇంత” అని. అడంగల్ (పొలం, పంట వివరాలుండే రికార్డు) కాపీ, ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ, అప్పుల లెక్క ఆవిడ ఫోనుకు పంపండి. ఆవిడ ఇంకెవరికైనా చూపించుకుంటానంటే చూపించుకోనివ్వండి, అనుమానించిందని అలగకండి. ఆస్తి విషయంలో మీరు లాయరు దగ్గరికి వెళ్లకుండా ఉంటారా? పాసుపుస్తకంలో ఆవిడ పేరు ముందు ఎక్కించండి. పొలం మీకే కావాలంటే ఊళ్లో నడుస్తున్న ధర కట్టి కొనుక్కోండి, డబ్బు ఆవిడ ఖాతాలోనే వేయండి, బావ ఖాతాలో కాదు. అన్నీ తెలిశాక కూడా వద్దంటే అప్పుడు రండి, సంతోషంగా రాసిపెడతాను. సంతకం పెట్టినా పెట్టకపోయినా సంక్రాంతికి వచ్చి పిలుస్తామని ముందే చెప్పండి. ఆ ఒక్క మాట ముందు చెబితే ఎంతమంది సంతకం పెడతారో నాకూ చూడాలని ఉంది.

ఇక నా షాపుకు వచ్చేవాళ్లకు కొత్త పద్ధతి. హక్కు విడుదల కాగితానికి వస్తే ముందు అన్నదమ్ములు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర కూర్చోవాలి. ఆవిడతో నేను ఒక్కదాన్నే మాట్లాడతాను. సర్వే నంబర్లతో పాటు ఏ చేను ఏదో ఊరి పేర్లతో చెబుతాను. ప్రభుత్వ విలువ ఎంత, బయట నడుస్తున్న ధర ఎంత, వాటా కింద ఎన్ని సెంట్లు వదులుకుంటోంది, అన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి చేతికిస్తాను. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి కనీసం వారం ఉంచుకోవాలి. డ్రాఫ్టు ఆ తర్వాతే. అంత తీరిక లేదంటారా, వరసలో ఇంకా చాలా షాపులున్నాయి, వెళ్లొచ్చు. ఆగేవాళ్లకు మాత్రం ఫీజు మామూలే, ఆ వారానికి అదనంగా ఏమీ తీసుకోను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి